బొరుగుల బండి దగ్గర తేలిన లెక్క: తొలి మ్యాచ్ ఓటమిపై ఒక కేస్ స్టడీ

జూలైలో జరిగిన మా ఫుట్‌బాల్ జట్టు సీజన్ తొలి మ్యాచ్‌లో 1-2 తేడాతో ఓడిపోయాం. విరామానికి 1-0 ఆధిక్యంలో ఉండి ఓడాం కాబట్టి అందరికీ మంట ఎక్కువైంది. ఓటమి నాకు కొత్త కాదు. నా డైరీలో అలాంటివి చాలా ఉన్నాయి. ఆ ఓటమికి మా అభిమానులు చెప్పిన కారణాలు, వాటిని మేము సరిచూసుకున్న తీరు, చివరికి అసలు సంగతి ఎవరి నోట వచ్చిందన్నది చిన్న ఊళ్లలో జట్లు నడిపే తోటి కోచ్‌లకు పనికివస్తుందని రాస్తున్నాను.

ముందు జట్టు గురించి. అనంతపురంలో ఫుట్‌బాలా అని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ పని మొదలుపెట్టారు. ఆయన సంస్థను ఊరంతా ఆర్డీటీ అంటారు. ఆ సంస్థ క్రీడాగ్రామం కట్టాక పల్లెల పిల్లల కాళ్లకు కూడా ఫుట్‌బాల్ అలవాటైంది. మా జట్టు ఆ సంస్థది కాదు. ఆ గాలి సోకి పుట్టిన జట్టు. పదహారు నుంచి ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు. సగం మంది డిగ్రీ విద్యార్థులు, మిగతావాళ్లు ఏదో ఒక పని చేసుకుంటూ సాయంత్రాలు ఆడేవాళ్లు. మా కుడి బ్యాక్, అంటే కుడివైపు కాపు కాసే డిఫెండర్, ఒక బైక్ మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. ఈ కథలో దెబ్బలన్నీ తిన్నది అతడే.

మైదానం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, కేసంతా అక్కడే ఉంది. ఫుట్‌బాల్ మైదానాన్ని ఉత్తర దక్షిణాలుగా వేస్తే సాయంత్రపు ఎండ ఏ గోల్‌కీపర్ కళ్లలోనూ నేరుగా పడదు. మాకు దొరికిన స్థలం అలా కుదరలేదు; మా గోల్‌పోస్టులు తూర్పున ఒకటి, పడమర ఒకటి. దక్షిణం వైపు నాలుగు వరుసల సిమెంటు మెట్లు, అభిమానులు కూర్చునేది అక్కడే. ఉత్తరం వైపు, ఈశాన్య మూలకు దగ్గరగా ఒక వేపచెట్టు, దాని కింద ఒక బొరుగుల బండి. నేల గట్టిది, గడ్డి నామమాత్రం. ఇక గాలి సంగతి. ఆషాఢంలో అనంతపురం గాలి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు నిలబెట్టారు. వానను ఇవ్వడానికి పిసినారితనం చూపే నైరుతి రుతుపవనం, గాలిని మాత్రం దోసిళ్లతో పోస్తుంది.

ఆ రోజు టాస్ మేమే గెలిచాం. మొదటి సగం గాలి వీపు వెనక ఉండేలా పడమటి గోల్‌ను ఎంచుకొమ్మని కెప్టెన్‌కు చెప్పింది నేనే. ముందే ఒకటి రెండు గోల్స్ వేసుకుని తర్వాత కాపాడుకుందామన్నది నా ఆలోచన. బంతిని పొడవుగా కొట్టండి, ఎడమవైపు ఫార్వర్డ్ పరుగెడతాడు అన్నాను. అతడు పరుగెత్తాడు. ఒకసారి గోల్ వేయించాడు, మరో రెండుసార్లు దాదాపు వేయించాడు. మెట్ల మీద ఈలలు. విరామంలో నీళ్లు తాగుతూ నేను కుర్రాళ్లకు చెప్పిన మాట నోట్‌బుక్‌లో ఉంది: ‘ఇదే ఆట కొనసాగించండి.’ ఆ మూడు మాటల ఖరీదు రెండు గోల్స్.

రెండో సగంలో వాళ్ల త్రో, అంటే పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరేది, ఒకటి మా గోల్ ముందుకు నేరుగా వచ్చింది. మా చివరి డిఫెండర్ వెనక నిలబడ్డ వాళ్ల ఫార్వర్డ్ దాన్ని అందుకుని గోల్‌లోకి తన్నాడు. ఆ తర్వాత దాదాపు ముప్ఫై మీటర్ల దూరం నుంచి కొట్టిన బంతి మా గోల్‌కీపర్ తల మీదుగా వెళ్లి వలలో పడింది. అంతే.

పంతొమ్మిది తీర్పులు

మర్నాడు సాయంత్రం మెట్ల దగ్గరికి రమ్మని అభిమానులను పిలిచాను. ఓడిన రాత్రి మాట్లాడితే తిట్లు వస్తాయి, మర్నాడు మాట్లాడితే కారణాలు వస్తాయి. వారం దాటితే కథలు వస్తాయి. పంతొమ్మిది మంది వచ్చారు. ఒక్కొక్కరు ఒక్క కారణమే చెప్పాలని షరతు పెట్టి, నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్నాను.

ఎనిమిది మంది కుడి బ్యాక్‌ను తప్పుపట్టారు. ‘వాడి వైపు నుంచే అన్నీ వచ్చాయి’ అన్నది అందరి మాట. నలుగురు గోల్‌కీపర్‌ను అన్నారు. వాళ్లలో ఒకరు ఆ కుర్రాడి సొంత తండ్రి. ముగ్గురు రిఫరీ మీద పడ్డారు. మా పెద్దవాళ్లు రిఫరీని అంపైర్ అనే అంటారు, నేను సరిదిద్దడం మానేశాను. మొదటి గోల్ పచ్చి ఆఫ్‌సైడ్ అని, అంటే వాళ్ల ఫార్వర్డ్ ముందే మా చివరి డిఫెండర్‌ను దాటి నిలబడ్డాడు కాబట్టి గోల్ చెల్లదని, వాళ్ల వాదన. మరో ముగ్గురు నన్ను అన్నారు. పక్కన నిలబడి అరవలేదట, రెండో సగంలో కుర్రాళ్లు నిద్రపోతుంటే లేపలేదట. ఆ ముగ్గురూ సరైన మనిషినే పట్టుకున్నారు, తప్పు కారణానికి.

పందొమ్మిదో మనిషి బొరుగుల బండి ఆయన. అతణ్ని నేను పిలవలేదు. గిరాకీ లేక వచ్చి నిలబడ్డాడు. నువ్వు కూడా ఒకటి చెప్పన్నా అంటే, ‘నాకు ఆట తెలియదు సార్. కానీ మొదటి సగం పులుల్లా ఆడారు, రెండో సగం పిల్లుల్లా ఆడారు అంటున్నారే, నాకు ఆ తేడా కనబడలేదు. ఆట మొదలైనప్పటి నుంచి పొద్దుగూకేదాకా బంతి నా బండి కిందికే వచ్చింది. తీసి ఇవ్వలేక నడుము పట్టేసింది’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతడి మాట రాసుకున్నాను గానీ పక్కన చుక్క కూడా పెట్టలేదు.

ఒకప్పుడు కాలేజీ జట్టుకు ఆడిన డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు మాకున్నారు. లేచేముందు ఆయన, ‘తొలి మ్యాచే పోయింది నాయనా, ఈ ఏడు మనది కాదు’ అని శకునం పలికారు. ఆయనకు ఎదురు చెప్పడానికి నా దగ్గర ఒకే అస్త్రం ఉంది. ‘మామా, 1962 జకార్తా గుర్తుందా?’ అన్నాను. ఆ ఆసియా క్రీడల్లో భారత జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆ తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది, 2-1తో బంగారు పతకం మనకు వచ్చింది. తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్లో ఒక గోల్ అతడిదే, మరొకటి పి.కె. బెనర్జీది.

పెద్దాయన తల ఊపారు కానీ, ‘వాళ్ల సంగతి వేరు’ అని వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రహీమ్ ఆ పరిస్థితిలో మనిషిని వదులుకోలేదు, అతడు నిలబడే చోటు మార్చాడు. నా నోట్‌బుక్‌లో పదిహేను మంది ఆటగాళ్ల పేర్లో రిఫరీ పేరో చెప్పారు. చోటు పేరు చెప్పినవాడు ఒక్కడే, అతడికి ఆట తెలియదు.

షెడ్డు దగ్గర

కుడి బ్యాక్ రెండు రోజులు ప్రాక్టీసుకు రాలేదు. మూడో రోజు షెడ్డుకు వెళ్లాను. ఒక బైకు చైను బిగిస్తూ తల ఎత్తకుండానే మాట్లాడాడు. ‘సార్, నన్ను ఎడమవైపు ఆడించండి. లేదంటే బెంచీ మీద కూర్చుంటాను.’ రెండో సగంలో బంతి నీ వైపు ఎన్నిసార్లు వచ్చింది అని అడిగాను. ‘లెక్కపెట్టలేదు సార్. ఊపిరి తీసుకునే సందు దొరకలేదు’ అన్నాడు.

లెక్క నేను పెట్టాల్సింది. పెట్టలేదు.

వేరుశనగ గింజలు, చింతపిక్కలు

ఒక ఆటగాడి అన్న నీళ్ల ట్యాంకు ఎక్కి ఫోనుతో మ్యాచ్ రికార్డు చేశాడు. బ్యాటరీ అయిపోయి చివరి పదకొండు నిమిషాలు లేవు. ఉన్నదాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి, గురువారం సాయంత్రం మెట్ల మీద సుద్దముక్కతో మైదానం గీసి, ఆరు గళ్లు చేశాం. బంతి బయటికి వెళ్లిన ప్రతిసారీ ఆ గడిలో ఒక గింజ. మొదటి సగానికి వేరుశనగ గింజలు, రెండో సగానికి చింతపిక్కలు. లెక్క పూర్తయ్యేలోపు నాలుగు వేరుశనగ గింజలు ఎవరి నోట్లోకో వెళ్లాయి, వాటిని మళ్లీ వీడియో చూసి పెట్టాల్సి వచ్చింది.

మొదటి సగంలో 31 సార్లు బంతి బయటికి వెళ్లింది, అందులో 19 ఈశాన్య గడిలో. రెండో సగంలో, వీడియో ఉన్నంత మేరకు 27 సార్లు; అందులో 18 అదే గడిలో. రెండు కుప్పలు ఒకే మూలలో పోగుపడ్డాయి. వేపచెట్టు మూల.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదట తేరుకున్నది గోల్‌కీపర్ తండ్రి: ‘అంటే బండి ఆయన చెప్పిందే నిజమా?’

నిజమే. గాలి నైరుతి నుంచి ఈశాన్యానికి వీస్తోంది. మొదటి సగంలో ఎదుటి జట్టు తమ తూర్పు గోల్ దగ్గర నుంచి గాలికి ఎదురుగా కొట్టిన ప్రతి బంతీ ముందుకు పోలేక, ఉత్తరానికి కొట్టుకుపోయి వేపచెట్టు దగ్గర పడింది. అక్కడ మా ఎడమ ఫార్వర్డ్ ఉన్నాడు. త్రోలు మావి, గోల్ మాది, ఈలలు అతడివి. రెండో సగంలో తూర్పు గోల్ మాది. మేము గాలికి ఎదురుగా కొట్టిన బంతులు అదే మూలలో పడ్డాయి. మేము పడమటికి తిరిగి ఆడుతున్నాం కాబట్టి ఉత్తరం మా కుడి చేయి. అక్కడున్నది మా కుడి బ్యాక్. త్రోలు వాళ్లవి, గోల్ వాళ్లది, తిట్లు ఇతడివి. ఒకే మూల ఒకడికి ఈలలు ఇచ్చింది, ఇంకొకడికి తిట్లు ఇచ్చింది. ఇద్దరిలో ఎవరూ ఆ రోజు అంత గొప్పగానూ ఆడలేదు, అంత చెడ్డగానూ ఆడలేదు.

మరో సంగతి కూడా అప్పుడే గమనించాం. రెండో సగంలో కుడి బ్యాక్ ఉన్నది ఉత్తరం వైపు, అభిమానులు కూర్చున్నది దక్షిణం వైపు. అతణ్ని తప్పుపట్టిన ఎనిమిది మందీ మైదానంలో అతడికి అందరికంటే దూరంగా ఉన్నవాళ్లు. పది అడుగుల దూరంలో ఉన్నది బండి ఆయన.

‘అయితే వాడిది తప్పేమీ లేదంటావా నాయనా?’ అని పెద్దాయన అడిగారు. ఉందని చెప్పాను. రెండుసార్లు మనిషిని వదిలేసి బంతి వెంట పోయాడు, వీడియోలో స్పష్టంగా ఉంది. కానీ అర డజను సార్లు వచ్చే ప్రమాదం పద్దెనిమిది సార్లు వస్తే ఎవడైనా రెండుసార్లు తప్పుతాడు.

ఆఫ్‌సైడ్ గొడవ ఐదు నిమిషాల్లో తేలింది. త్రో నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు; గోల్‌కిక్‌కు, కార్నర్‌కు కూడా అంతే. వాళ్ల ఫార్వర్డ్ మా డిఫెండర్ కంటే రెండు మీటర్లు లోపల ఉన్నా గోల్ గోలే. ముప్ఫై ఏళ్లుగా ఫుట్‌బాల్ చూస్తున్నవాళ్లకూ ఈ నియమం కొత్తగానే ఉంది, మా డిఫెండర్లలో ఇద్దరికి కూడా. ఆ ఇద్దరూ చేయి ఎత్తి నిలబడిపోవడం వీడియోలో కనిపించింది. గోల్‌కు అసలు కారణం ఆ ఎత్తిన చేతులే. అది నేర్పకపోవడం నా లోపం. మా డిగ్రీ కుర్రాడు ఒకడు ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ అభిమాని. ‘సార్, ఇది బ్రెంట్‌ఫర్డ్ గోల్’ అన్నాడు. 74 ఏళ్ల తర్వాత అగ్రశ్రేణి లీగ్‌లోకి వచ్చిన బ్రెంట్‌ఫర్డ్ 2021 ఆగస్టు 13న సీజన్ తొలి మ్యాచ్‌లోనే ఆర్సెనల్‌ను 2-0తో ఓడించింది. 73వ నిమిషంలో రెండో గోల్ పొడవాటి త్రో నుంచి వచ్చింది. గోల్ ముందు నేల తాకి లేచిన బంతిని నోర్‌గార్డ్ తలతో కొట్టాడు. ఆర్సెనల్ ఆ తర్వాతి రెండు లీగ్ మ్యాచ్‌లలోనూ ఒక్క గోల్ వేయకుండా ఓడింది. చివరికి ఐదో స్థానంలో నిలిచింది. కుర్రాడు ఇదంతా తన సొంత కష్టంలా చెప్పాడు.

రెండో గోల్ సంగతి కొంచెం ఇబ్బందిగానే ఒప్పుకోవాల్సి వచ్చింది. గోల్‌కీపర్ గోల్ గీత నుంచి ఏడెనిమిది అడుగులు ముందున్నాడు. మొదటి సగంలో అలా ఉండమన్నది నేనే; డిఫెండర్లు ముందుకు వెళ్తే వెనక ఖాళీని అతడు చూసుకోవాలి. రెండో సగంలో వెనక్కి జరగమని చెప్పలేదు. గాలి వెంట వచ్చే బంతి మామూలుగా పడాల్సిన చోట పడదు, ఇంకా పోతుంది. పైగా ఆరు దాటిన ఎండ సూటిగా కళ్లలో. తండ్రి ఇదంతా విని కొడుకును ఏమీ అనలేదు, నావైపు మాత్రం ఒక చూపు చూశారు.

మార్చినవి

గాలికి ఎదురుగా ఆడేటప్పుడు గోల్‌కిక్ పొడవుగా కొట్టడం మానేశాం. 2019లో వచ్చిన నియమం ప్రకారం గోల్‌కిక్ బంతి పెనాల్టీ ప్రాంతం దాటనక్కరలేదు, లోపలే సహచరుడికి ఇవ్వవచ్చు. దాన్ని వాడుకుని నేల మీదుగా బయటికి వస్తాం. తప్పనిసరై పొడవుగా కొడితే గాలి వచ్చే వైపుకే, అంటే దక్షిణానికి కొట్టాలి. గాలి దాన్ని మధ్యకు తెస్తుంది, బయటికి పోనివ్వదు. ఎదుటివాళ్లు త్రో వేసేటప్పుడు మావాడొకడు నియమం అనుమతించే రెండు మీటర్ల దూరంలో విసిరేవాడి ముందు నిలబడతాడు. చేతులెత్తి ఆఫ్‌సైడ్ అడిగినవాడు ప్రాక్టీసులో రెండు రౌండ్లు పరుగెత్తాలి. గోల్‌కీపర్‌కు టోపీ. కీపర్ టోపీ పెట్టుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. దానికి మెట్ల మీద చాలా నవ్వులు వచ్చాయి, క్రికెట్ ఆడటానికి వచ్చాడా అని.

టాస్ విషయంలో మాత్రం అభిమానులకూ నాకూ ఇప్పటికీ పొసగదు. ఇకమీదట ఈ మైదానంలో మొదటి సగమే ఎదురుగాలికి ఆడాలని నిర్ణయించాను. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే గాలిని ఎదుర్కోవాలి, పైగా ఎండ ఇంకా ఎత్తున ఉంటుంది కాబట్టి కీపర్‌కు నయం. వడ్డించిన విస్తరిని ముందు ఎదుటివాడి ముందు పెడతావా అన్నది పెద్దాయన ప్రశ్న.

కుడి బ్యాక్‌ను కుడివైపే ఉంచాను.

తర్వాత

రెండో మ్యాచ్ 1-1. మేము తిన్న గోల్ సరిగ్గా నా కొత్త మందు వల్లే తిన్నాం: చిన్న గోల్‌కిక్, తడబాటు, బంతి పోయింది, గోల్. ఆ సాయంత్రం నా ఫోను మోగుతూనే ఉంది. మూడో మ్యాచ్ 2-0తో గెలిచాం, కానీ ఆ రోజు వాన పడింది, గాలే లేదు. దాన్ని నా లెక్కలోకి తీసుకోను. నాలుగోది సొంత మైదానంలో, మంచి గాలిలో. టాస్ గెలిచి ఎదురుగాలినే ఎంచుకున్నాం. మొదటి సగం 0-0. వేపచెట్టు గడిలో బంతి బయటికి వెళ్లింది ఎనిమిది సార్లు. రెండో సగంలో కార్నర్ నుంచి ఒక గోల్, 1-0. ఆ కార్నర్ ఏ మూల నుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు.

నాలుగు మ్యాచ్‌లతో వైద్యం పనిచేసిందని రాయడం తొందరపాటు. ఎదుటి జట్లు వేరు, గాలి వేగం వేరు, ఫుట్‌బాల్‌లో గోల్స్ పడేదే కొన్ని. గోల్స్ కంటే ఆ ఎనిమిది గింజలనే నేను ఎక్కువ నమ్ముతాను. ఒక లోటు ఇంకా ఉంది: దక్షిణానికి కొట్టమంటే కుర్రాళ్లు ప్రాక్టీసులో కొడతారు, మ్యాచ్‌లో వెంటబడితే చూపు ఎటుంటే అటే తంతారు. దానికి ఇంకా మార్గం దొరకలేదు.

నాలుగో మ్యాచ్ అయ్యాక మెట్ల మీద వినిపించిన తీర్పు: ‘కుడి బ్యాక్ కుర్రాడు పూర్తిగా మారిపోయాడు.’ ఎనిమిది మందిలో ఒకాయన అతడికి నిమ్మసోడా తాగించాడు. నేను వీడియో తిప్పి తిప్పి చూశాను. అతడు తొలి మ్యాచ్‌లో ఎలా ఆడాడో అలాగే ఆడాడు. ఈసారి కూడా ఒకసారి మనిషిని వదిలేశాడు, బంతి రాలేదు కాబట్టి ఎవరూ చూడలేదు. సోడా సంగతి అయ్యాక ఈ మాట అతడికి విడిగా చెప్పాను.

చీకటి పడ్డాక బండి ఆయన దగ్గర ఆగాను. ఇప్పుడు నడుము ఎలా ఉందన్నా అని అడిగాను. ‘నడుము బాగుంది సార్. కానీ బంతి తీసుకోవడానికి వచ్చే పిల్లలు పనిలో పనిగా పది రూపాయల బొరుగులు కొనుక్కునేవాళ్లు. మీరేదో మార్చారట, వ్యాపారం సగం పడిపోయింది’ అన్నాడు, పొట్లం కడుతూ.